బస్తాకు తాడు, ఆడకూలీకి దేవుడు

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరప ఏరడానికి కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు కాలువలో పడింది. తొమ్మిది మంది ఆడకూలీలు చనిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర పొలం పనికి పోతున్న ఇంకో ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తా పడింది. ఈసారి పదిహేను ప్రాణాలు. ఒక పసివాడు తప్ప దాదాపు అందరూ స్త్రీలే.

ఇలాంటివి జరిగిన ప్రతిసారీ మనం వినే మాటలు అవే. డ్రైవరు నిర్లక్ష్యం, ఇరుకు కాలువగట్టు, పట్టేదానికన్నా ఎక్కువ మందిని ఎక్కించారు. నాయకులొస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. పదిరోజులు పోలీసులు రోడ్లమీద ట్రాక్టర్లు ఆపుతారు. ఆ తర్వాత నాట్లు, పత్తి తీతలు, మిరప కోతలు మళ్ళీ మొదలవుతాయి. మళ్ళీ అదే ట్రాలీ, అదే గట్టు. డ్రైవరు తప్పు చేసి ఉండొచ్చు, అది కోర్టు తేల్చుకుంటుంది. మా ప్రశ్న డ్రైవరు గురించి కాదు, ట్రాలీ గురించి. దాన్ని ఎవరి ప్రాణాన్ని లెక్కలో పెట్టుకుని తయారు చేశారు?

ఒక్కసారి ట్రాలీ దగ్గరికెళ్ళి తీరిగ్గా చూడండి. దాని అంచు ఆడమనిషి ఛాతీని దాటి ఉంటుంది. ఎక్కడానికి మెట్టుండదు. టైరు మీద కాలు పెట్టి, కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా ఎగదోపుకుని, పైనున్నవాళ్ళు చెయ్యందిస్తే ఎక్కాలి. లోపల పట్టుకోవడానికి కడ్డీ ఉండదు, కూర్చోవడానికి ఇనుప రేకే. అదే ట్రాలీ తలుపులకు మాత్రం గింజ కారకుండా గట్టి గొళ్ళేలుంటాయి. అంచుల వెంట బస్తాలకు తాడు బిగించడానికి వరసగా కొక్కేలుంటాయి. కింద హైడ్రాలిక్ జాకీ ఉంటుంది, ఒక్క మీట లాగితే ఇసుకా మట్టీ వాటంతటవే జారి పడతాయి. సరుకు ఎలా ఎక్కాలి, దారిలో కదలకుండా ఎలా ఉండాలి, ఎలా దిగాలి అని బాగా ఆలోచించిన బుర్రే దీన్ని తయారుచేసింది. మనిషి విషయంలో ఆ మూడింటిలో ఒక్కటీ ఆ బుర్రకు తట్టలేదు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు కూడా ఉండవు. వాలు మీద ట్రాక్టరు బ్రేకు వేస్తే వెనకున్న బరువు దాన్ని ముందుకు నెడుతుంది. ఆ బరువు పాతిక ముప్ఫైమంది ఆడవాళ్ళు.

అది సరుకు బండి, మనుషుల కోసం చేసింది కాదు అంటారు. చట్టప్రకారం నిజమే. కానీ తెల్లవారుజామున అయిదింటికి ఊరి నుంచి చేను దాకా ఏ బస్సు పోతుంది? పని రోజుల్లో కూలీలను ట్రాలీలోనో, ఆటో ట్రాలీలోనో, డీసీఎం వ్యానులోనో కుక్కి తీసుకుపోతారని గుంపు మేస్త్రికి తెలుసు, రైతుకు తెలుసు, పోలీసులకు తెలుసు. ట్రాలీ చేసిన వర్క్‌షాపు వాడికీ తెలుసు. అందరికీ తెలిసిన ఈ సంగతి దాని నమూనా గీసిన కాగితం మీదికి మాత్రం రాదు.

రెండేళ్ళ కిందట ఒక ఊళ్ళో కూలీ స్త్రీల సమావేశంలో కూర్చున్నాను. కూలిరేట్ల గురించి మాట్లాడుకోవాలని వెళ్ళాం. మాటల్లో ట్రాక్టరు ప్రయాణాలు వచ్చాయి. ఒక పెద్దమనిషి అంది: "బస్తాకైతే తాడేస్తరు బిడ్డా. బస్తా పడితే సేటుకు నష్టం. మేం పడితే ఎవలకు నష్టం? మాకు దేవుడే తాడు." పక్కనున్న చిన్నది తలెత్తకుండానే, "ఆ తాడు సుత తెగుతనే ఉన్నది గదా అత్తా" అంది. నవ్వారందరూ. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నిద్రపోనివ్వలేదు. ఈ వ్యాసం ఆ రాత్రి నుంచి రాస్తున్నదే.

సరుకును కదలకుండా కట్టిపడెయ్యడానికి మగ మేధస్సు పడిన తపన చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెద్ద ఇనుప పెట్టెలతో బయల్దేరింది. లారీల వ్యాపారి మాల్కమ్ మెక్లీన్ ఆలోచన అది. పెట్టె మీద పెట్టె పేర్చినా, ఓడ ఎంత ఊగినా జారకుండా ఉండాలంటే మూలలు గట్టిగా కలవాలి. కీత్ టాంట్లింగర్ అనే ఇంజనీరు పెట్టె మూలలకు అమరికలూ, వాటిలో దూర్చి మెలితిప్పితే పడిపోయే తాళమూ తయారుచేశాడు. పేటెంటు తీసుకున్నారు. 1963లో మెక్లీన్ కంపెనీ ఆ పేటెంటు హక్కులు వదులుకుంది. ప్రపంచమంతా ఒకే మూల, ఒకే తాళం అయింది. ఇవాళ విశాఖ రేవులో దిగే పెట్టెకూ రాటర్‌డామ్‌లో దిగే పెట్టెకూ తేడా లేదు. దీన్ని త్యాగమని పొగడనక్కర్లేదు. రేవులన్నిట్లో ఒకే తాళం ఉంటే వ్యాపారం పెరుగుతుందని లెక్క చూసుకునే వదిలారు. సరుకు కోసం దేశాల మధ్య గోడలు కూడా కరుగుతాయన్నమాట.

మనిషి కోసం కూడా ఒకసారి అలా జరిగింది, అది ఒప్పుకోవాలి. 1959లో స్వీడన్‌లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ భుజం మీదుగా, నడుం మీదుగా మూడుచోట్ల బిగిసే సీటు బెల్టు తయారుచేశాడు. అంతకుముందు ఆయన పని యుద్ధవిమానాల్లో పైలట్లను సీటుతో సహా బయటికి విసిరే ఏర్పాటు మీద. వోల్వో ఆ బెల్టు పేటెంటును ఇతర కంపెనీలు కూడా వాడుకోనిచ్చింది. లెక్కలేనన్ని ప్రాణాలు నిలిచాయి. అదే 1959లో స్వీడన్‌లోనే కొత్త ట్రాక్టర్లకు, బోల్తా పడినా డ్రైవరు నలిగిపోకుండా కాపాడే ఇనుప చట్రం తప్పనిసరి చేశారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ట్రాలీకి బ్రేకు పెట్టాలన్నా, పట్టుకోవడానికి కడ్డీ వెయ్యాలన్నా కొత్తగా ఎవరూ ఏదీ కనిపెట్టనక్కర్లేదు. పేటెంటు ఖరీదు మనకు అడ్డం కాదు. మన దేశంలో పేటెంటు గడువు ఇరవై ఏళ్ళు. బిగింపు పట్టీ, ట్రాలీ ఇరుసు బ్రేకు, ఇనుప చట్రం, వీటి మూల పేటెంట్లు ఎప్పుడో తీరిపోయాయి. ఏ ఊరి వెల్డింగు షాపులోనైనా చెయ్యొచ్చు. చెయ్యమని అడిగేవాళ్ళు లేరు, చెయ్యకపోతే నష్టపోయేవాళ్ళు లేరు. అంతే.

నష్టం ఎవరిదన్న ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు వింటే ఆ పెద్దమనిషి మాట ఎంత నిజమో తెలుస్తుంది. మోటారు వాహనాల చట్టంలో బీమా గురించి చెప్పే 147వ సెక్షనును 1994లో సవరించారు. సరుకు బండిలో ప్రయాణం చేసే సరుకు యజమాని గానీ, ఆయన ప్రతినిధి గానీ గాయపడితే, చనిపోతే బీమా కంపెనీ బాధ్యత వహించాలి. మరి అదే బండిలో ఉన్న మిగతావాళ్ళు? ఆశారాణి కేసులో 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల తీర్పు ఇచ్చింది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుల విషయంలో బీమా కంపెనీకి బాధ్యత లేదని. బండి యజమానికి జీతగాడై ఉంటే వేరే లెక్క. కొన్ని కేసుల్లో ముందు బీమా కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు దయతలచి చెప్పినమాట కూడా నిజమే. కానీ మిరపకాయల బస్తాల మీద కూర్చున్న బస్తాల ఆసామికి చట్టంలో చోటుంది. ఆ మిరపకాయలు ఏరిన స్త్రీ ఎవరో, ఆ బండి యజమానికి ఏమవుతుందో, ఆమె చచ్చిపోయాక ఆమె మొగుడు ట్రిబ్యునల్ చుట్టూ తిరిగి రుజువు చేసుకోవాలి. ఆమె ఎక్కింది ఒకరి బండి, పనికి పోతున్నది ఇంకొకరి చేను, పిలిచింది మేస్త్రి. ముగ్గురిలో ఎవరికి ఆమె కూలీ? పనిచేసే పొద్దున ముగ్గురికీ. చచ్చిపోయిన సాయంత్రం ఎవరికీ కాదు.

ఇది పల్లెటూరి మోటు బళ్ళ సంగతేలే, నాగరిక ప్రపంచంలో శాస్త్రీయంగా ఉంటుందని అనుకునేవాళ్ళకు ఇంకో కథ. కార్లు గుద్దుకుంటే లోపలివాళ్ళకు ఏమవుతుందో చూడటానికి బొమ్మలు పెట్టి పరీక్షిస్తారు. 1976లో జనరల్ మోటార్స్ తయారుచేసిన హైబ్రిడ్ 3 అనే బొమ్మ ఆ రంగానికి కొలబద్ద అయింది. ఆ బొమ్మ సగటు అమెరికన్ మగవాడు. సుమారు 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు. తర్వాత ఆడబొమ్మ కూడా చేశామన్నారు. అది ఆ మగబొమ్మనే కుదించి చేసింది, నూటికి అయిదుగురు మాత్రమే అంతకన్నా చిన్నగా ఉండేంత చిన్న ఆడమనిషి కొలతలతో. మెడ ఎముకలు వేరు, కటి వెడల్పు వేరు, స్టీరింగుకు ఎంత దగ్గరగా కూర్చుంటామన్నది వేరు. అవేవీ పట్టలేదు. ఫలితం? వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, బెల్టు పెట్టుకున్న స్త్రీ డ్రైవర్లు అదే తరహా ప్రమాదంలో మగ డ్రైవర్ల కన్నా 47 శాతం ఎక్కువగా తీవ్రగాయాల పాలయ్యే అవకాశం ఉందని తేలింది. సగటు స్త్రీ శరీరం కొలతలతో, 162 సెంటీమీటర్లు, 62 కిలోలతో ఒక బొమ్మను స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ అనే శాస్త్రవేత్త బృందం చేసి చూపించింది 2022లో. బోలిన్ బెల్టుకూ ఈ బొమ్మకూ మధ్య 63 ఏళ్ళు. ఆ బెల్టు పుట్టిన దేశంలోనే ఇంత కాలం పట్టింది.

2019 మార్చిలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఇద్దరు స్త్రీలను ఒకేసారి అంతరిక్షంలో నడిపిస్తామని చాటింపు వేసుకుని, ఇద్దరికీ సరిపోయే మధ్యస్థ సైజు సూటు పైభాగం ఒక్కటే సిద్ధంగా ఉందని చివర్లో ఒకామె బదులు మగవాణ్ణి పంపింది. అక్టోబరులో గానీ ఆ నడక జరగలేదు. చంద్రుడి మీదికి మనుషులను పంపిన సంస్థకు రెండో సూటు సమయానికి కుదరలేదు. మన భవన నిర్మాణ కూలీ స్త్రీకి బూట్లు పెద్దవయ్యాయంటే ఎవరు వింటారు? "అన్నిటికన్నా చిన్న సైజు అదే" అని ఇచ్చే చేతితొడుగు ఆమె వేళ్ళ చివర అంగుళం ఖాళీగా వేలాడుతుంది. తిరిగే యంత్రం దగ్గర వదులు తొడుగు వేసుకోవడం కన్నా ఉత్త చెయ్యి నయం. ప్రమాదం జరిగితే రాసేది మాత్రం ఇంకోలా ఉంటుంది: రక్షణ పరికరాలు ఇచ్చాం, కార్మికురాలే సరిగ్గా వాడలేదు.

యంత్రాల దగ్గర స్త్రీల భద్రత గురించి మన రాజ్యం ఆలోచించలేదా అంటే ఆలోచించింది. ఎలా ఆలోచించిందో చూడండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షను ప్రకారం, నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించడం, నూనె వెయ్యడం లాంటి పని ప్రత్యేక శిక్షణ పొందిన మగ కార్మికుడే చెయ్యాలి. అతనికి ఒంటికి అతుక్కునే బిగుతు బట్టలు యజమానే ఇవ్వాలి. అదే సెక్షనులో స్త్రీలు ప్రమాదం ఉన్నచోట నడుస్తున్న యంత్రభాగాలను శుభ్రం చెయ్యకూడదు, నూనె వెయ్యకూడదు అన్నారు. అంటే మగవాడి బట్టలు ప్రమాదమైతే వేరే బట్టలు కుట్టించారు. ఆడదాని బట్టలు ప్రమాదమైతే ఆడదాన్నే తీసేశారు. ఆమెకూ బిగుతు బట్టలు ఇవ్వొచ్చుననీ, యంత్రానికే జాలీ బిగించొచ్చుననీ ఎందుకు తోచలేదు? ఇంతకీ ఆ నిషేధం కాగితం మీదే. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల్లో యంత్రాల కింద పత్తి ఊడ్చే చేతులెవరివో మనకు తెలియదా?

2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఆ పాత చట్టం పోయింది. ఇప్పుడు స్త్రీలు అన్ని సంస్థల్లో అన్ని రకాల పనులూ చెయ్యొచ్చు, ఒప్పుకుంటే రాత్రిపూట కూడా. బాగుంది. సమానత్వం అడిగినవాళ్ళం మనమే. అయితే ఏదైనా పని స్త్రీలకు ప్రమాదమని ప్రభుత్వం భావిస్తే, ముందుగా తగిన రక్షణ ఏర్పాట్లు చెయ్యమని యజమానిని ఆదేశించవచ్చునట. ప్రభుత్వం భావించకపోతే? నిన్నటిదాకా యంత్రం దగ్గరికి రావద్దన్నారు. ఇవాళ నీ ఇష్టపూర్తిగా రా అంటున్నారు. ఈ డెబ్భై ఏడేళ్ళలో మారింది మన మీద ఆంక్షే గానీ యంత్రం కాదు. నిషేధమూ స్వేచ్ఛా రెండూ యజమానికి ఖర్చు లేనివి. యంత్రాన్ని మార్చడం ఒక్కటే ఖర్చు.

తయారుచేసేవాడి మీద బాధ్యత పెట్టిన చట్టం మనకు అసలు లేకపోలేదు. నూర్పిడి యంత్రాలలో పంటతోపాటు చేతులూ పోతుంటే, 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. తప్పు కూలీ అజాగ్రత్తది మాత్రమే కాదు, చెయ్యి లోపలికి పోయేలా నోరు పెట్టి యంత్రం అమ్మినవాడిది కూడా అని ఒప్పుకున్న చట్టం అది. ఆ ఆలోచన ట్రాలీ దాకా ఎందుకు రాలేదు?

చీర సంగతి కూడా ఒకచోట చట్టానికి గుర్తొచ్చింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చూడండి. మోటారు సైకిలు వెనక కూర్చున్న మనిషికి చేతిపట్టు ఉండాలి, పాదాలు పెట్టుకోవడానికి చోటుండాలి, బట్టలు చక్రంలో చుట్టుకోకుండా వెనక చక్రం సగానికైనా కప్పు ఉండాలి. మనం చీర గార్డు అని పిలిచే ఆ ఇనుప జాలీ ఇదే. పైసల్లో పని. ప్రపంచంలో పేరుమోసిన కంపెనీలు కూడా ఈ దేశంలో బండి అమ్మాలంటే ఆ జాలీ పెట్టి అమ్ముతున్నాయి. రాజ్యం నోరు తెరిచి అడిగితే యంత్రం చీరకు లొంగుతుందని ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కాకపోతే మన రాజ్యానికి చీర కనపడింది మగవాడి వెనక సీటు మీద కూర్చున్నప్పుడు. పిండిమర బెల్టు పక్కన, చెరకు రసం యంత్రం ముందు, నూర్పిడి యంత్రం నోటి దగ్గర పనిచేస్తూ నిలబడితే కనపడలేదు. భార్యగా కనిపించిన ఆడది కార్మికురాలిగా కనిపించలేదు.

మన స్త్రీల శరీర కొలతలు లేవు, అందుకే కుదరలేదు అని ఇంజనీర్లు తప్పించుకోవడానికి కూడా లేదు. భారత వ్యవసాయ పరిశోధనా మండలి కింద వ్యవసాయ కూలీల శరీర కొలతలూ, చేతిబలమూ ఏళ్ళ తరబడి సేకరించారు, స్త్రీలవి కూడా. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ ఆ కొలతలతో పనిముట్లు కూడా చేసింది. భువనేశ్వర్‌లో వ్యవసాయంలో స్త్రీల గురించే 1996 నుంచి ఒక పరిశోధనా కేంద్రం నడుస్తోంది. ప్రజాధనంతో కొలిచిన కొలతలు అవి. అవి పుస్తకాల్లో ఉండగానే శ్రీ పద్ధతి వరిసాగు వచ్చినప్పుడు కలుపు తియ్యడానికి కోనోవీడరు తెచ్చి ఆడవాళ్ళ చేతికిచ్చారు. బురదలో దాన్ని తోస్తే భుజాలు పడిపోయాయని స్త్రీలు మొత్తుకున్నారు. చాలాచోట్ల దాన్ని మగవాళ్ళు పట్టుకున్నారు. దాంతో కలుపు కూలి కూడా వాళ్ళ చేతికే పోయింది. బరువైన యంత్రం మన పనిని ఇలా దొంగిలిస్తుంది. దానికి ఆధునికత అని పేరు.

ఆడదాని భుజం దగ్గర మొదలైన యంత్రం ఒకటి మన దగ్గరే ఉంది. పోచంపల్లి చీర నెయ్యాలంటే ముందు ఆసు పొయ్యాలి. ఒక మేకు నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల వరసకు నూలును అటూ ఇటూ చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి తిరగాలి. ఇది ఇంటి ఆడవాళ్ళ పని. ఆలేరు మండలం శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి, ఏడేళ్ళు తిప్పలుపడి, 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. పేటెంటు వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. ఆయన కృషికి ఎంత గౌరవమిచ్చినా తక్కువే. ఎందుకంటే ఆయన యంత్రం గీసిన తర్వాత ఆడమనిషిని దాని ముందు కూర్చోబెట్టలేదు. ఆమె చెయ్యి ఎటు తిరుగుతుందో చూసి యంత్రం గీశారు.

కానీ అడగాల్సిన ప్రశ్న ఆయన్ని కాదు, మిగిలినవాళ్ళని. హైదరాబాదుకు ఎంతో దూరం లేని ఆ ఊళ్ళలో తరతరాలుగా స్త్రీల భుజాలు అరిగిపోతుంటే, ఇన్ని ఇంజనీరింగు కాలేజీలు, ఇన్ని పరిశోధనాశాలలు ఏం చేస్తున్నాయి? ఆరో తరగతితో చదువాపిన ఒక కొడుకు అప్పులు చేసి కనిపెట్టేదాకా ఆసు ఒక పనిగా కూడా ఎవరి లెక్కలోకీ రాలేదు. నేత కూలి మగ్గం మీద కూర్చున్నవాడి పేర వస్తుంది. ఆసు పోసినందుకు విడిగా ఒక పైసా ఏ చీటీ మీదా రాయలేదు. కూలి లేని పనిలో నొప్పికి మాత్రం లెక్క ఎవరు కడతారు? పేటెంట్ల చట్టం కూడా తరతరాల సంప్రదాయ జ్ఞానం ఆవిష్కరణ కాదు పొమ్మంటుంది. ఆ మాట పరాయి కంపెనీలు మన పసుపునూ వేపనూ కాజెయ్యకుండా అడ్డు పడుతుంది, అందుకు అది అవసరమే. అయినా అమ్మల చేతిలోని విద్యకు హక్కుదారు లేకపోవడం మాత్రం మిగిలే ఉంది.

ఆడవాళ్ళు యంత్రాలు కనిపెట్టరు గనక ఇలా ఉంది అనేవాళ్ళు మన సభల్లో కూడా ఉన్నారు. అమెరికాలో మార్గరెట్ నైట్ అనే పిల్ల పన్నెండేళ్ళప్పుడు బట్టల మిల్లులో పనిచేస్తూ, మగ్గం నుంచి ఎగిరిపడిన నాడె ఒక కార్మికుణ్ణి పొడవడం కళ్ళారా చూసింది. నాడె అలా ఎగరకుండా ఆపే ఏర్పాటు ఆలోచించింది. మిల్లులు వాడుకున్నాయి. ఆమెకు పేటెంటూ రాలేదు, డబ్బూ రాలేదు. పెద్దయ్యాక అడుగు చదునుగా ఉండే కాగితపు సంచుల యంత్రం చేస్తే, వర్క్‌షాపులో దాన్ని చూసినవాడొకడు తనదని పేటెంటుకు పెట్టుకున్నాడు. ఆమె కోర్టుకెక్కి గెలిచి 1871లో పేటెంటు తెచ్చుకుంది. కారు అద్దం మీద వాన తుడిచే చేతికర్రకు 1903లో పేటెంటు తీసుకున్నది మేరీ ఆండర్సన్. కొనడానికి ఏ కంపెనీ ముందుకు రాలేదు. గడువు తీరిపోయాక ప్రతి కారుకూ అది వచ్చింది.

మన పేటెంటు ఆఫీసు మొన్న 2019లో నియమాలు సవరించి, దరఖాస్తుదారుల్లో ఒక్క స్త్రీ ఉన్నా త్వరగా పరీక్షించే వీలు కల్పించింది. తీసుకుందాం, కాదనం. కానీ పరీక్షలో అడిగే ప్రశ్నలు పాతవే. ఇది కొత్తదా? ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టేదా? పరిశ్రమకు పనికొస్తుందా? మనుషుల ప్రాణానికి తీవ్రహాని చేసేదానికి పేటెంటు లేదని మూడో సెక్షనులో ఉంది. అయితే ఆ మనిషి ఎత్తెంత, ఏం కట్టుకుంది, జడ ఉందా, కడుపుతో ఉందా అని అడిగే గడి ఆ దరఖాస్తులో లేదు. ఆ పని పేటెంటు ఆఫీసుది కాదంటారు, ప్రమాణాలు చూసే సంస్థదంటారు. వాళ్ళు రవాణా శాఖదంటారు. రవాణా శాఖ ట్రాలీలో మనుషులు ఎక్కడమే చట్టవిరుద్ధం అంటుంది. చట్టవిరుద్ధమైన ప్రయాణంలో చనిపోయిన స్త్రీ ఎవరి ఫైలులోనూ ఉండదు.

కనక మనం అడగాల్సింది ఎక్స్‌గ్రేషియా పెంచమని కాదు. సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి వ్యవసాయ యంత్రానికీ, ట్రాలీకీ ప్రజల డబ్బు పోతోంది. 2014-15 నుంచి నడుస్తున్న కేంద్ర యాంత్రీకరణ పథకంలో స్త్రీ రైతులకు ఎక్కువ సబ్సిడీ అని రాసుకున్నారు కూడా. ఆ డబ్బు తీసుకునే కంపెనీ స్త్రీల కొలతలతో యంత్రాన్ని పరీక్షించిన కాగితం చూపించాలి, లేకపోతే సబ్సిడీ ఉండకూడదు. ట్రాలీకి సొంత బ్రేకు, మెట్టు, చుట్టూ పట్టుకునే కడ్డీ లేకుండా రిజిస్ట్రేషను చెయ్యకూడదు. అలా చేస్తే మనుషుల రవాణాను ఒప్పుకున్నట్టవుతుందని అధికారులు భయపడితే, తెల్లవారుజామున చేలకు బస్సు వెయ్యండి, మాకేం అభ్యంతరం లేదు. 147వ సెక్షనులో సరుకు యజమాని పక్కన, పనికి తీసుకుపోతున్న కూలీ అన్న మాట చేర్చాలి. ఒక్క మాట. 1994లో సరుకు యజమాని కోసం చట్టం సవరించగలిగిన పార్లమెంటుకు అది అసాధ్యమేమీ కాదు.

మా సంఘం ఈ కోతల కాలంలో ట్రాలీలను కొలుస్తోంది. మీ ఊళ్ళో కూడా కొలవండి. నేల నుంచి అంచు ఎత్తెంత, మెట్టుందా, బ్రేకుందా, కొక్కేలెన్ని, కడ్డీలెన్ని, ఎంతమంది ఎక్కుతున్నారు, బండి ఎవరిది, చేను ఎవరిది, బీమా ఎవరి పేర ఉంది. యంత్రంలో వేలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్ళుంటే ఆ యంత్రం ఏది, దానికి జాలీ ఉందా, చేసిన షాపు ఎక్కడ అన్నది కూడా రాయండి. కూలీల పేర్లు వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి. మిరప కోతలు ముగిసేలోగా మాకు అందితే, కార్మిక శాఖకూ రవాణా శాఖకూ ఇచ్చే మహజరుకు వాటిని జతచేస్తాం.